గోడ కట్టుకునే చెట్లు

"మాస్టారూ, మా జామాయిల్ తోటకి జబ్బు చేసిందండీ!" అంటూ తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఒక రోజు ఉదయమే ప్రయోగశాలలోకి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. విప్పి చూపించాడు. అందులో జానెడు పొడవున, గోధుమరంగులో, ఎండి చుట్టుకుపోయిన బెరడు ముక్కలు ఉన్నాయి. "చెట్లన్నీ ఇలాగే పొలుసులు పొలుసులుగా ఊడిపోతున్నాయి. నాన్న కంగారు పడుతున్నాడు" అన్నాడు.

నేను నవ్వి, "పాము కుబుసం విడిస్తే పాముకి జబ్బు చేసినట్టా?" అని అడిగాను. జామాయిల్ చెట్టు ఏటా పాత బెరడును వదిలేస్తుంది. లోపల కొత్త బెరడు తయారయ్యాక పైనున్న పాత పొర చచ్చి, ఎండి, రాలిపోతుంది. దాని కింద చెట్టు నున్నగా, తెల్లగా మెరుస్తూ ఉంటే అది ఆరోగ్య లక్షణమే.

కుర్రాడి ముఖం తేటపడింది. కానీ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో ప్రశ్న వేశాడు. "మా నాలుగెకరాల్లోనూ ఒకే నంబరు క్లోన్ మొక్క వేశామండీ. మా చుట్టుపక్కల వాళ్లూ అదే వేశారు. నిజంగానే జబ్బు వస్తే అన్నీ ఒకేసారి పోతాయా?"

మొదటి ప్రశ్నకు నవ్వాను గాని, రెండో ప్రశ్నకు నవ్వలేకపోయాను. అది చాలా మంచి ప్రశ్న. బ్రెజిల్ దేశంలో, దక్షిణాఫ్రికాలో ఎందరో శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకున్నది ఆ ప్రశ్న చుట్టూనే. వాళ్లు ఏం తెలుసుకున్నారో మీకూ చెబుతాను, వినండి.

జామ, నేరేడు, జామాయిల్

మనం జామాయిల్ అనీ, నీలగిరి చెట్టు అనీ పిలిచే చెట్టు అసలు పేరు యూకలిప్టస్. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా, దానికి ఉత్తరాన ఉన్న కొన్ని దీవులు. ఇందులో 700కు పైగా జాతులు ఉన్నాయి. మన ఊటీ కొండల మీద 1843లోనే వీటిని నాటారు. జలుబు చేస్తే మనం వాసన చూసే నీలగిరి తైలం ఈ చెట్ల ఆకుల నుంచి తీసేదే.

జామాయిల్ అనే పేరు ఎలా వచ్చిందో గాని, జామ చెట్టుకూ దీనికీ చుట్టరికం మాత్రం నిజం. జామ, నేరేడు, లవంగం, యూకలిప్టస్ అన్నీ మిర్టేసి అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఈ చుట్టరికం సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథలో తర్వాత అవసరం వస్తుంది.

యూకలిప్టస్ చాలా త్వరగా పెరుగుతుంది. కాగితం గుజ్జుకు పనికొస్తుంది. అందుకే ఉష్ణమండల దేశాలు అనేకం దీన్ని లక్షల ఎకరాల్లో తోటలుగా పెంచుతున్నాయి. కొత్త దేశానికి వచ్చిన తొలిరోజుల్లో దీనికి శత్రువులు తక్కువ, ఎందుకంటే పుట్టింట్లో దాన్ని తినే పురుగులూ పట్టే తెగుళ్లూ దానితోపాటు ఓడ ఎక్కి రాలేదు. కానీ ఆ ప్రశాంతత ఎన్నాళ్లో నిలవలేదు.

బెరడు కింద ప్రాణం

చెట్టు ప్రాణం ఎక్కడ ఉంటుంది? "మధ్యలో, చేవలో" అంటారు చాలామంది. నిజానికి చెట్టు మధ్యభాగంలోని చేవ ఎక్కువగా చచ్చిన కణాలతో నిండి ఉంటుంది. ప్రాణం ఉన్నది బెరడు కింది పల్చని పొరల్లో.

బెరడు లోపలి భాగంలో పోషక కణజాలం ఉంటుంది. ఆకుల్లో తయారైన చక్కెరలను వేళ్ల దాకా చేరవేసేది ఇదే. దానికి ఆనుకుని లోపలివైపు విభాజ్య కణావళి ఉంటుంది. కాగితమంత పల్చని ఈ పొరలోని కణాలు విభజన చెందుతూ, లోపలికి కొత్త దారువునూ బయటికి కొత్త పోషక కణజాలాన్నీ తయారు చేస్తాయి. చెట్టు లావెక్కడానికి కారణం ఇదే. దీనికి లోపల ఉండే దారువు వేళ్ల నుంచి నీటిని పైకి తీసుకుపోతుంది.

ఇప్పుడు ఒక చెట్టు మొదలు చుట్టూ బెరడును ఉంగరంలా పూర్తిగా ఒలిచేశామనుకోండి. చక్కెరలు కిందికి దిగే దారి తెగిపోతుంది. వేళ్లు ఆకలితో మాడి చచ్చిపోతాయి. వేళ్లు చచ్చాక నీరు పైకి పోదు. ఇలా చెట్టును నిలువునా ఎండబెట్టడం మన పల్లెల్లో చాలామందికి తెలిసిన సంగతే.

గొడ్డలి లేకుండా ఈ పనే చేయగల జీవి ఒకటుంది. అదే శిలీంధ్రం.

బంగారు విధ్వంసకి

1917లో బ్రూనర్ అనే శాస్త్రజ్ఞుడు క్యూబా దీవిలో యూకలిప్టస్ చెట్ల బెరడును తొలిచే ఒక శిలీంధ్రాన్ని వర్ణించాడు. తర్వాత దాని పేరు చాలాసార్లు మారింది. 2004లో దానికి క్రైసోపోర్తే క్యూబెన్సిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో క్రైసో అంటే బంగారం, పోర్తే అంటే నాశనం చేసేది. బెరడు మీద ఇది కట్టుకునే కణజాలం పసుపు, నారింజ రంగుల్లో ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. క్యూబెన్సిస్ అంటే క్యూబాకు చెందినది అని అర్థం.

ఇది చెట్టును ఎలా చంపుతుందో చూడండి. శిలీంధ్రం నుంచి దుమ్ము కంటే సన్నని సిద్ధబీజాలు బయటపడతాయి. కొన్ని వాన చినుకులతో పాటు చిట్లి పక్క చెట్టు మీద పడతాయి. కొన్ని గాలిలో తేలిపోతాయి. చెట్టు మొదట్లో బెరడు పగులో, చిన్న గాయమో దొరికితే అక్కడ మొలకెత్తి, సన్నని దారాల్లాంటి తంతువులను లోపలికి పంపుతాయి. ఆ తంతువులు పోషక కణజాలాన్నీ విభాజ్య కణావళినీ చంపుకుంటూ పోతాయి. చచ్చిన భాగం గుంటపడుతుంది, పగులుతుంది, కొన్నిసార్లు ఎర్రని బంక కారుతుంది. ఇలా కాండం మీద ఏర్పడే పుండునే కాంకర్ అంటారు. మన నిమ్మతోటల్లో కనిపించే గజ్జి తెగులును కూడా ఇంగ్లీషులో కాంకర్ అనే అంటారు గాని, అది బాక్టీరియా వల్ల వచ్చేది. ఇది శిలీంధ్రం వల్ల వచ్చే కాండపు పుండు.

లేత చెట్టులో ఈ పుండు మొదలు చుట్టూ తిరిగి కలుసుకుందంటే, ఉంగరంలా బెరడు ఒలిచినట్టే. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు ఎండలు ముదిరేసరికి వడలి చచ్చిపోతుంది. పెద్ద చెట్టు వెంటనే చావకపోయినా పుండు దగ్గర బలహీనపడి, గట్టిగాలికి విరిగిపోతుంది.

ఒక శిలీంధ్రం ఇంత పని చేయగలదా అని మీకు అనుమానం రావచ్చు. దీని దగ్గరి బంధువు ఒకటి అమెరికాలో ఏం చేసిందో చెబితే మీ అనుమానం తీరిపోతుంది. 1904లో న్యూయార్క్ నగరంలోని జంతుప్రదర్శనశాల ఆవరణలో కొన్ని చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోతుండటం గమనించారు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన మొక్కలతో పాటు చేరిన కాంకర్ శిలీంధ్రం వాటికి పట్టింది. ఆసియా చెస్ట్‌నట్ చెట్లు దాన్ని తట్టుకోగలవు. అమెరికా చెట్లకు ఆ శక్తి లేదు. ఒక్క అర్ధ శతాబ్దంలో అక్కడి అడవుల్లో 300 కోట్లకు పైగా చెట్లు నశించాయి. నిరోధక శక్తి ఉండటానికీ లేకపోవటానికీ ఉన్న తేడా అంత పెద్దది.

బ్రెజిల్‌లో కష్టకాలం

బ్రెజిల్‌కు యూకలిప్టస్‌ను పెద్ద ఎత్తున పరిచయం చేసినవాడు ఎద్ముందో నవారో ది ఆంద్రాది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైలు ఇంజన్లకు కట్టెలు కావలసి వచ్చి, రైల్వే కంపెనీ తరఫున ఆయన అనేక జాతుల యూకలిప్టస్‌లను తెప్పించి పెంచాడు. ఆ జాతులన్నీ పక్కపక్కనే పెరిగి, పుప్పొడి ఒకదాన్నుంచి ఒకదానికి చేరి, కలగాపులగంగా సంకరమైపోయాయి.

1967లో బ్రెజిల్ తూర్పు తీరాన, ఎస్పిరితో సాంతో రాష్ట్రంలో అరాక్రూజ్ అనే సంస్థ కాగితం గుజ్జు కోసం భారీగా యూకలిప్టస్ తోటలు వేయడం మొదలుపెట్టింది. ఆ కలగాపులగపు విత్తనాలే అక్కడికీ చేరాయి. ఒక చెట్టు తాడిలా ఎదిగితే పక్క చెట్టు గిడసబారి ఉండేది. అంతలో కాంకర్ వచ్చిపడింది. తీరప్రాంతపు వేడి, తేమ శిలీంధ్రానికి పండగే. యూకలిప్టస్ గ్రాండిస్, యూకలిప్టస్ సాలిగ్నా అనే జాతులు బాగా దెబ్బతిన్నాయి.

"మందు చల్లవచ్చు కదా" అంటారేమో. మిరపతోట మీద చల్లినట్టు ఇక్కడ కుదరదు. శిలీంధ్రం బెరడు కింద దాక్కుంటుంది. తోటలు వేల హెక్టార్లలో ఉంటాయి. చెట్టు నరకడానికి అక్కడ ఏడేళ్లు పడుతుంది. ఏడేళ్లపాటు, వాన వచ్చినప్పుడల్లా, ప్రతి చెట్టు మొదలుకూ మందు పూయడం ఎవరి తరం? అయినా ఆ కట్టె అమ్మితే మందు ఖర్చు వస్తుందా?

అప్పుడు అక్కడి శాస్త్రజ్ఞుల చూపు చచ్చిన చెట్ల మీది నుంచి బతికిన చెట్ల మీదికి మళ్లింది. జబ్బు పడిన తోటలో కూడా అక్కడక్కడా ఒక చెట్టు నున్నని కాండంతో, నిటారుగా, ఏమీ పట్టనట్టు నిలబడి ఉంది. దాని చుట్టూ శిలీంధ్రం ఉంది. దాని మీదా సిద్ధబీజాలు పడే ఉంటాయి. మరి దానికేం కాలేదేం?

చెట్టుకు గాయం మానదు

మన చేతికి గాయమైతే కొన్నాళ్లకు చచ్చిన కణాల స్థానంలో కొత్త కణాలు వచ్చి గాయం మానిపోతుంది. చెట్టు అలా చేయలేదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలకొద్దీ చెట్లను నిలువునా కోసి లోపలి గాయాలను పరిశీలించాడు. 1970లలో ఆయన చెప్పిన సిద్ధాంతం ఏమిటంటే, చెట్టు గాయాన్ని మాన్పదు, గోడ కట్టి మూసేస్తుంది. జబ్బుపడిన భాగం చుట్టూ సరిహద్దు గీసి, దాన్ని మిగతా శరీరం నుంచి వేరు చేసి, దాని పక్కనుంచి కొత్తగా పెరుగుతుంది.

బెరడులో ఈ గోడ ఎలా కడుతుందో చూద్దాం. శిలీంధ్రం చొరబడిన చోటుకు కొంచెం ఎడంగా ఉన్న బతికిన కణాలు ముందుగా తమ గోడలను మందం చేసుకుంటాయి. లిగ్నిన్ అనే గట్టి పదార్థమూ, సూబరిన్ అనే మైనంలాంటి పదార్థమూ ఆ గోడల్లోకి చేరతాయి. లిగ్నిన్ ఇటుకల్లాంటిది, సూబరిన్ నీరు దిగకుండా పూసే తారులాంటిది. దాని వెనకే కణాలు వేగంగా విభజన చెంది ఒక కొత్త బెండు పొరను తయారు చేస్తాయి. శిలీంధ్రం ఆ పొర దాటలేకపోతే ఉన్నచోటే బందీ అయిపోతుంది. కొన్నాళ్లకు చచ్చిన ఆ బెరడు ముక్క శిలీంధ్రంతో సహా ఎండి రాలిపోతుంది.

మా కుర్రాడు పొట్లం కట్టి తెచ్చిన బెరడు పొలుసులు గుర్తున్నాయా? అవి ఊడింది కూడా ఇలా లోపల కొత్త బెండు పొర ఏర్పడటం వల్లనే. మామూలుగా ఏటా బెరడు మార్చుకోవడానికి వాడే విద్యనే చెట్టు శత్రువును బంధించడానికీ వాడుకుంటుంది!

అయితే గోడ కట్టడం అన్ని చెట్లకూ వచ్చు. తేడా వేగంలో ఉంది. శిలీంధ్రం రోజూ ముందుకు పాకుతూనే ఉంటుంది. గోడ త్వరగా లేస్తే చెట్టు గెలుస్తుంది. ఆలస్యమైతే శిలీంధ్రం గోడ చివరి నుంచి చుట్టి వచ్చేస్తుంది, చెట్టు మళ్లీ ఇంకోచోట గోడ మొదలుపెట్టాలి. ఇలా వెనక్కి తగ్గుతూ పోతే చివరికి కట్టడానికి చోటే మిగలదు. నిరోధక శక్తి అనే పెద్ద మాటకు ఇక్కడ ముఖ్యమైన అర్థం ఇదే: శిలీంధ్రం కంటే ముందు గోడ పూర్తి చేయగలగడం. గోడతో పాటు శిలీంధ్రానికి గిట్టని టానిన్ల వంటి రసాయనాలు కూడా చెట్టుకు సాయపడతాయి.

తప్పించుకున్నదా, తట్టుకున్నదా?

జబ్బు తోటలో బతికిన చెట్టు ప్రతిదీ వీరుడని అనుకోకూడదు. బడిలో అందరికీ గవదబిళ్లలు వచ్చినప్పుడు ఒకడికి రాలేదనుకోండి. వాడికి రోగనిరోధక శక్తి ఉండవచ్చు. లేదా ఆ వారమంతా వాడు అమ్మమ్మగారి ఊరికి పోయి ఉండవచ్చు! చెట్ల సంగతీ అంతే. ఒక చెట్టు జబ్బును తట్టుకుని ఉండవచ్చు, లేదా అదృష్టం కొద్దీ సిద్ధబీజాలు దానికి గాయమున్న చోట పడక తప్పించుకుని ఉండవచ్చు.

ఈ రెంటినీ విడదీయడానికి చక్కని పరీక్ష ఉంది. మీ ప్రయోగశాలలో రబ్బరు బిరడాలకు రంధ్రాలు చేసే కార్క్ బోరర్ ఉంటుంది కదా, దాంతో చెట్టు బెరడులో చిన్న గుండ్రని ముక్కను తీసేస్తారు. ఆ రంధ్రంలో, పెట్రి పళ్లెంలో అగార్ మీద పెంచిన శిలీంధ్రపు చిన్న బిళ్లను ఉంచి, తేమ ఆరకుండా టేపుతో మూసేస్తారు. ఇలా అన్ని చెట్లకూ ఒకే రోజున, ఒకే పరిమాణంలో, ఒకే శిలీంధ్రాన్ని ఎక్కిస్తారు. పోలిక కోసం కొన్నింటిలో శిలీంధ్రం లేని ఖాళీ అగార్ బిళ్లను పెడతారు. ఇది ఎందుకంటే, రంధ్రం చేయడం వల్ల అయిన గాయం ఎంత, శిలీంధ్రం వల్ల అయిన గాయం ఎంత అనేది తేలాలి కదా.

కొన్ని వారాలో నెలలో ఆగి, బెరడు గీకి, చచ్చిన భాగం పొడవును స్కేలుతో కొలుస్తారు. కొన్ని చెట్లలో గాయం చేసిన చోటే ఆగిపోయి ఉంటుంది. కొన్నింటిలో కిందికీ పైకీ చాలా దూరం పాకి ఉంటుంది. ఇక అదృష్టం ఊసు లేదు. ఎవరు తట్టుకోగలరో స్కేలు చెప్పేస్తుంది.

దీవుల నుంచి వచ్చిన సాయం

ఇలాంటి పరిశీలనల్లో ఒక సంగతి బయటపడింది. తిమోర్, ఫ్లోరెస్ వంటి ఇండోనేషియా వైపు దీవుల్లో పుట్టిన యూకలిప్టస్ యూరోఫిల్లా అనే జాతి కాంకర్‌ను మొత్తం మీద బాగా తట్టుకుంటుంది. గ్రాండిస్ జాతి ఆస్ట్రేలియా తూర్పు తీరానిది. అది చాలా వేగంగా, నిటారుగా పెరుగుతుంది గాని వేడి, తేమ ఉన్న చోట కాంకర్‌కు లొంగిపోతుంది. రెంటినీ సంకరం చేస్తే? కొన్ని పిల్ల మొక్కలకు ఒకరి పెరుగుదలా మరొకరి ఓర్పూ కలిసి వచ్చాయి. అందరికీ కాదు సుమా! ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒకరికి తండ్రి ముక్కు, ఒకరికి తల్లి కళ్లు వచ్చినట్టే, సంకర విత్తనాల్లో ప్రతి మొక్కకూ జన్యువుల పంపకం వేరుగా ఉంటుంది.

కాబట్టి మంచి చెట్టు దొరికినా దాని విత్తనం నాటితే లాభం లేదు. ఆ చెట్టునే మళ్లీ కావాలి. అంటే గులాబీకి, మందారానికి చేసినట్టు కొమ్మ నాటాలి. అక్కడే చిక్కు వచ్చింది. ముదిరిన యూకలిప్టస్ కొమ్మ గుచ్చితే వేళ్లు పట్టవు.

దీనికి దొరికిన ఉపాయం మన పల్లెటూరి వాళ్లకు వింతగా అనిపించదు. చెట్టును నరికేస్తే మోడు నుంచి పిలకలు వస్తాయి. వయసులో ముదిరిన చెట్టు నుంచి వచ్చినా ఆ పిలకల్లో లేతదనం ఉంటుంది. వాటిని రెండు మూడు ఆకులతో ముక్కలుగా కోసి, వేళ్లు పుట్టించే హార్మోనులో ముంచి, పొగమంచులా సన్నని నీటితుంపరలు పడే గదిలో ఉంచితే వేళ్లు పడతాయి. ఇలా ఒకే చెట్టు నుంచి తయారైన మొక్కలన్నింటినీ కలిపి ఒక క్లోన్ అంటారు. అవన్నీ జన్యువుల లెక్కన ఒకే చెట్టు.

అరాక్రూజ్ శాస్త్రజ్ఞులు మంచి చెట్లను ఏరి, నరికి, పిలకలు తీసి, పరీక్షించి, 1979 నుంచి క్లోన్ మొక్కలతో పెద్ద తోటలు వేశారు. కాంకర్ అదుపులోకి వచ్చింది, తోట అంతా ఒకే తీరున పెరిగింది. ఈ పనికిగాను ఆ సంస్థకు చెందిన బ్రాందావో, కాంపీన్యోస్, దోస్ సాంతోస్, యారా ఇకెమోరి అనే నలుగురికి 1984లో స్వీడన్ దేశపు మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి లభించింది. ఈనాటికీ గ్రాండిస్, యూరోఫిల్లాల సంకర క్లోన్లు బ్రెజిల్ తోటలకు వెన్నెముక.

కథ ఇక్కడితో కంచికి చేరితే బాగుండేది.

జులూలాండ్ పాఠం

1988లో దక్షిణాఫ్రికాలోని జులూలాండ్ తీరప్రాంతంలో ఒక గ్రాండిస్ క్లోన్ తోటలో కొత్త జబ్బు కనిపించింది. ఈసారి పుండు చెట్టు మొదట్లో కాదు. లేత పచ్చని బెరడు మీద చిన్న చిన్న మచ్చలు. అవి కలిసి పెద్ద నల్లని పుండ్లయ్యేవి, ఎర్రని బంక కారేది, కాండం వంకరలు తిరిగేది. మైకేల్ వింగ్‌ఫీల్డ్, ఆయన సహచరులు పరిశీలించి, ఇది శాస్త్రానికే కొత్త శిలీంధ్రమని తేల్చారు. జులూలాండ్ పేరు మీదుగా ఇప్పుడు దాన్ని టెరటోస్ఫేరియా జులుయెన్సిస్ అంటున్నారు.

మొదట ఒక్క క్లోన్ మీద కనిపించిన జబ్బు తర్వాత అనేక క్లోన్లకు పాకింది. అనంతర కాలంలో థాయిలాండ్, వియత్నాం, మెక్సికోలలో కూడా ఈ శిలీంధ్రం కనిపించింది. క్రైసోపోర్తేను తట్టుకునే చెట్టు దీన్నీ తట్టుకుంటుందన్న హామీ లేదు. ఒక తాళానికి సరిపోయే తాళంచెవి ఇంకో తాళానికి సరిపోవాలని ఏముంది?

క్లోన్ తోటలోని ప్రమాదం ఇక్కడ తెలుస్తుంది. విత్తనపు తోటలో వెయ్యి చెట్లుంటే వెయ్యి రకాల గోడలున్నట్టు. శిలీంధ్రం కొన్నింటిని దాటగలదు, కొన్నింటిని దాటలేదు. ఒకే క్లోన్ తోటలో వెయ్యి చెట్లున్నా గోడ ఒక్కటే. దాన్ని దాటే విద్య శిలీంధ్రానికి ఒక్కసారి పట్టుబడితే తోట అంతా తలుపులు తెరిచినట్టే. శిలీంధ్రం కూడా ఊరికే కూర్చోదు. అదీ సంతానోత్పత్తి చేసుకుంటుంది, దాని జన్యువులూ కలగలుస్తూ ఉంటాయి.

పైగా శత్రువు ఎప్పుడూ దూరదేశం నుంచే రానక్కరలేదు. దక్షిణాఫ్రికాలో యూకలిప్టస్‌లకు పట్టిన క్రైసోపోర్తే, బ్రెజిల్‌లో ఉన్నది ఒకటి కాదని తర్వాత తెలిసింది. అది ఆఫ్రికాకే చెందినది. మన నేరేడుకు దగ్గర చుట్టమైన అక్కడి అడవి చెట్ల మీద బతుకుతూ, కొత్తగా వచ్చిన యూకలిప్టస్ మీదికి దూకింది. లవంగం చెట్ల మీద కూడా ఈ కుటుంబపు శిలీంధ్రాలు బతకగలవు. చుట్టరికం గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే!

దక్షిణాఫ్రికాలో లొంగిపోయే క్లోన్లను తీసేసి, తట్టుకునే సంకర క్లోన్లను వెతికి నాటారు. 2014లో గ్రాండిస్ జాతి జన్యుపటం మొత్తం ప్రచురించారు. అందులో సుమారు 36,000 జన్యువులున్నాయి. గోడ త్వరగా కట్టించే జన్యువులేవో వాటిలోంచి ఏరాలని ఇప్పుడు శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు. కానీ ఏ జన్యువునైనా వెతకాలంటే అది ఏదో ఒక చెట్టులో బతికి ఉండాలి కదా. తిమోర్ కొండల మీది పాత అడవి, ఆస్ట్రేలియా తీరపు పాత అడవి ఆ జన్యువుల గాదెలు. ఆ అడవులు పోతే గాదె ఖాళీ.

మన పొలాల మాట

మన దేశంలో కూడా క్రైసోపోర్తే కాంకర్ ఉంది. 1980లలో కేరళ అటవీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి యూకలిప్టస్ తోటల్లో దీన్ని గుర్తించారు. మన వైపు, భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు మిల్లు 1980ల చివరి నుంచి మంచి చెట్లను ఏరి తయారు చేసిన భద్రాచలం క్లోన్లు రైతుల పొలాల్లోకి వచ్చాయి. వాటివల్ల దిగుబడి పెరిగింది, రైతుకు నాలుగు డబ్బులు మిగిలాయి. అందుకే ఈ రోజు రైతు నర్సరీకి పోయి మొక్క పేరు అడగడు, నంబరు అడుగుతాడు.

ఇప్పుడు మా కుర్రాడికి నేను చెప్పిన జవాబు వినండి. "ఒరే అబ్బాయ్, మీ నాన్న ఒకే నంబరు వేయడం తప్పు కాదు. పరీక్షించి ఇచ్చిన క్లోన్ ఊరూపేరూ లేని విత్తనం కంటే నయం. కానీ మీ ఊరంతా అదే నంబరు వేస్తే, కాగితం మీద అవి వంద తోటలు, శిలీంధ్రం లెక్కలో మాత్రం ఒక్కటే తోట. మళ్లీ నాటేటప్పుడు మూడు నాలుగు నంబర్లు తీసుకుని, ఒక్కో మడికి ఒక్కోటి చొప్పున వేయమను. ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి."

వాడు కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మేం నాటి రెండేళ్లయిందండీ. నాలుగేళ్లకోసారి కొడతాం. మోడు నుంచి వచ్చే పిలకలే మళ్లీ పెంచుతాం, అలా మూడు కోతలు. మరి పిలక కూడా అదే క్లోన్ కదండీ?"

"అదే."

"అయితే ఇంకో పదేళ్లు మార్చడానికి లేదు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు వస్తాయి."

లెక్క సరిగ్గానే చేశాడు. చెట్ల సేద్యంలో కష్టమే అది. వరిలో ఈ ఏడు పొరబడితే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. చెట్టు విషయంలో నర్సరీ దగ్గర అయిదు నిమిషాల్లో తీసుకున్న నిర్ణయం పన్నెండేళ్లు పొలంలో నిలబడి ఉంటుంది.

"పదేళ్లు ఊరికే ఉండక్కరలేదు. తోట వెంట తిరుగుతూ ఉండు" అన్నాను. బెరడు పొలుసులుగా ఊడి కింద నున్నగా ఉంటే భయం లేదు. మొదట్లో బెరడు గుంటపడి నిలువునా పగిలినా, ఎర్రని బంక కారినా, ఒక్క చెట్టు మాత్రం వేసవిలో ఉన్నట్టుండి వడలినా వెంటనే వ్యవసాయాధికారికి చూపించాలి. ఊరికే కత్తితో చెట్టు మొదళ్లు చెక్కకూడదు, పశువులను కట్టి బెరడు ఒరుసుకోనివ్వకూడదు. ప్రతి గాయమూ శిలీంధ్రానికి ఒక తలుపే.

ఇప్పుడు వాడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. గట్టు పక్క వరసలోని చెట్లకు నంబర్లు వేసి, నెలకోసారి ఒక్కో చెట్టు మొదలు చూసి రాసుకుంటున్నాడు. ఇప్పటిదాకా ప్రతి పేజీలోనూ ఒకటే మాట: "బాగుంది." అలాగే ఉండాలని కోరుకుందాం.

మీరు చేసి చూడండి

మొక్క గోడ కట్టడం మీ ఇంట్లోనే చూడవచ్చు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు బంగాళాదుంపలు తీసుకోండి. ఒకదాన్ని శుభ్రమైన కత్తితో సగానికి కోసి, ఒక సగాన్ని తడిగుడ్డ పరిచిన గిన్నెలో, కోసిన వైపు పైకి ఉండేలా పెట్టి, మూత కొంచెం తెరిచి అయిదారు రోజులు నీడలో ఉంచండి. కుళ్లితే పారేసి మళ్లీ మొదలుపెట్టండి. కోసిన ముఖం మీద సన్నని గరుకు పొర ఏర్పడుతుంది. అది సూబరిన్ చేరిన గోడే.

ఇప్పుడు రెండో దుంపను కోయండి. పాత సగాన్నీ కొత్త సగాన్నీ తూచి, పక్కపక్కనే గాలికి పెట్టి, రోజూ బరువు చూసి రాసుకోండి. ఏది త్వరగా బరువు కోల్పోతున్నది? ఎందుకు? జవాబు మీ నోటుపుస్తకంలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.